పెండింగులో ఉన్న పరమ రహస్యం

కిందటేడు ఉపవాస దినాల తపస్కాలం రెండో ఆదివారానికల్లా మా రేగుచెట్లపాలెం గుడి పరిధిలో, అంటే విచారణలో, నాలుగు వందల పన్నెండు మంది పెద్దవాళ్ళుంటే, నాలుగు వందల పదకొండు మందికి దేవుడు పూర్తిగా అర్థమైపోయాడు. సంతకాలున్నాయి, వేలిముద్రలున్నాయి. అర్థం కానివాడు ఒక్కడే మిగిలాడు. ఆయన మా ఉపదేశి గోపు బాలశౌరి. ముప్పై నాలుగేళ్ళుగా మా అందరికీ జ్ఞానోపదేశం చెప్పింది ఆయనే.

ఈ సంగతి రాస్తున్న నేను గుడిలో హార్మోనియం వాయిస్తాను. నాకు నూటికి నూరు పాళ్ళూ అర్థమైనట్టు రికార్డుల్లో ఉంది.

జనవరిలో బిషప్పుగారి మేత్రాసనం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. అక్కడ కొత్తగా ‘విశ్వాస అవగాహన ప్రమాణాల విభాగం’ అని ఒకటి పెట్టారు. దానికి డైరెక్టరు ఫాదర్ మరియానందం గారు. పై దేశంలో డాక్టరేటు చేసి వచ్చినవారు. మా విచారణ గురువులు ఫాదర్ జోజిరాజు గారు ఆదివారం పూజ అయ్యాక ఆ కాగితం మాకు చదివి వినిపించారు.

“ఇటీవల నిర్వహించిన సర్వేలో, పిత, పుత్ర, పవిత్రాత్మ అను ముగ్గురు వ్యక్తులు ఒకే దేవుడు ఎట్లగుదురు అను ప్రశ్నకు నూటికి ఎనభై మూడు మంది విశ్వాసులు ‘అది రహస్యమండీ’ అని చెప్పి తప్పించుకొనుచున్నట్లు గమనించడమైనది. దేవుని పరమ రహస్యము ఇన్ని శతాబ్దములుగా పరిష్కారము కాక పెండింగులో ఉండుట విచారకరము. కావున క్రీస్తు పునరుత్థాన పాస్కు పండుగలోగా ప్రతి విచారణను ‘రహస్య రహిత విచారణ’గా ప్రకటించుటకు తగు చర్యలు గైకొనవలసినదిగా ఆదేశించడమైనది.”

అంతకు రెండేళ్ళ క్రితమే పంచాయతీవారు మా ఊరి మొగదల ‘బహిరంగ మలవిసర్జన రహిత గ్రామం’ అని బోర్డు పాతి ఉన్నారు. కాబట్టి ‘రహిత’ అన్నమాట మాకు కొత్తకాదు. ఈసారి ఇంటింటికీ ఏం కట్టిస్తారోనని ఆశగా చూశాం.

గుడి పెద్ద తుమ్మా చిన్నపరెడ్డి లేచాడు. “ఫాదర్ గారూ, అర్థమైనోళ్ళకి ఏమన్నా ఇస్తారా?”

ఫాదర్ కాగితం తిరగేసి చూశారు. “తలుపుకి అంటించుకోడానికి స్టిక్కరిస్తారంట.”

“ఏం రంగు?”

“ఆకుపచ్చ.”

“అయితే మంచిదే,” అని ఆయన కూర్చున్నాడు. విచారణ తరఫున అంగీకారం తెలిపినట్టయింది.

బాలశౌరిని రెండు రోజుల శిక్షణకి పట్నం పంపారు. ఒక సంచీ, ఒక టోపీ, బొమ్మలున్న పెద్ద అట్టల పుస్తకం ఇచ్చారు. ఆ పుస్తకాన్ని మాడ్యూల్ అనాలట. అరవై మంది ఉపదేశుల ముందు ఫాదర్ మరియానందం గారు అట్ట తిప్పి, కరెంటు స్తంభం బొమ్మ చూపించారు.

“సోదరులారా! వ్యవసాయ విశ్వాసులకు వ్యవసాయ ఉపమానమే సరిపోవును. త్రీఫేజు కరెంటు! తీగలు ఎన్ని? మూడు. కరెంటు ఎన్ని? ఒకటి. అయిపోయింది. పన్నెండు నిమిషములలో పూర్తి అవగాహన కలుగును. పదమూడవ నిమిషమున సంతకము తీసుకొనవలెను.”

ప్రశ్నలకు చివర్లో సమయముంటుందన్నారు. చివర్లో భోజనాలు పెట్టారు.

బాలశౌరి టోపీ పెట్టుకుని, అట్టల పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ బయల్దేరాడు. ఆయనకి అరవై ఒక్కేళ్ళు. బక్కమనిషి. పని అప్పజెబితే ఎగ్గొట్టడం ఎరగడు. మొదట చిన్నపరెడ్డి ఇంటికే వెళ్ళాడు. చిన్నపరెడ్డి శ్రద్ధగా విని తల పంకించాడు.

“బాగానే ఉంది గానీ శౌరీ, మనకి త్రీఫేజు పగలు తొమ్మిది గంటలేగా ఇచ్చేది. మిగతా టయానికి దేవుడు యాడ ఉంటాడు?”

బాలశౌరి మాడ్యూల్ తిరగేశాడు. అందులో లేదు.

“పైగా ఒక ఫేజు పోతే మోటారు కాలిపోద్ది. మొన్న నా మోటారు అట్టాగే కాలింది. ఇది పిల్లకాయలకి చెప్పబాక, భయపడతారు,” అన్నాడు చిన్నపరెడ్డి. ఆ మాట అంటూనే ‘పూర్తిగా అర్థమైనది’ అన్నచోట సంతకం పెట్టాడు.

మేకలు కాసుకునే ఆరోగ్యమ్మ అంతసేపు కూడా ఆగలేదు. “అన్నా, మేకలు మిరపతోట మీద పడతన్నయ్యి. ముద్ర యాడ యెయ్యాలి?”

“ముందు చెప్పనీవమ్మా.”

“నువ్వు చెబితే తప్పేముంటది? అర్థమైందని రాసుకో,” అని బొటనవేలు అద్ది, కొంగుకి తుడుచుకుని, కర్ర తీసుకుని పరుగెత్తింది.

మా ఊరివాళ్ళం సంతకాల దగ్గర పిసినారులం కాము. పంటనష్టానికనీ, బోరుకనీ, రోడ్డుకనీ ఎన్నో పెట్టాం. పదిహేను రోజుల్లో ఊరంతా పచ్చబడింది. కిరాణా కొట్టు సుబ్బారావు గారు మా మతం వారు కారు. అయినా అందరి తలుపుల మీదా కరెంటు తీగలున్న ఆకుపచ్చ స్టిక్కర్లు చూసి, కరెంటాఫీసువాళ్ళు తన ఇల్లొక్కటీ వదిలేశారని అర్జీ పెట్టుకున్నారు. సంబంధాలు మాట్లాడుకునేచోట “మాది స్టిక్కరు ఇల్లండీ” అనడం మొదలైంది.

ఆ లెక్కన మిగిలింది బాలశౌరి సంతకం ఒక్కటే.

ఒక మధ్యాహ్నం ఫాదర్ జోజిరాజు గారు ఆయన్ని బంగళాకి పిలిపించారు. కట్టలన్నీ కవర్లో పెట్టి, జిగురు సీసా మూత తీసి సిద్ధంగా ఉన్నారు.

“శౌరి గారూ, ఇక్కడ మీదొక్కటి పెట్టేయండి. సాయంత్రం బస్సుకి పంపించేద్దాం.”

బాలశౌరి పెన్ను తీసుకున్నాడు. కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. పెన్ను బల్లమీద పెట్టాడు.

“రాయట్లేదా?”

“రాస్తంది ఫాదర్. నాకే అర్థం కాలా.”

“ఏంటి అర్థం కానిది?”

“సర్వేశ్వరుడు.”

ఫాదర్ జిగురు సీసా మూత పెట్టేశారు. “అదేంటండీ! అందరికీ చెప్పింది మీరే కదా?”

“నేనే చెప్పా. మూడు తీగలనే చెప్పా. చెప్పే ప్రతిసారీ ఇది కాదు, ఇది కాదు అని లోపల అనిపిస్తానే ఉంది. వాళ్ళ సంతకాలు వాళ్ళిష్టం. నా సంతకం నేను పెట్టుకోవాలి గదా.”

“ఫారమే కదా శౌరి గారూ. ఫారాన్ని ఫారంలాగా చూడండి.”

బాలశౌరి కాగితం ఫాదర్ వైపు జరిపాడు. తర్వాత రాయపు సంగతి చెప్పాడు. ఉపదేశిగా వచ్చిన మొదటేడు, ఊపిరితిత్తుల జబ్బుతో రాయపు అనే ముసలాయన మంచాన పడ్డాడు. ఆఖరి రోజున, “అక్కడ ఎట్టా ఉంటది శౌరీ?” అని అడిగాడు. బాలశౌరికి అప్పటికి పుస్తకమంతా కంఠతా వచ్చు. కానీ ఆ మనిషి కళ్ళు చూశాక ఒక్క వాక్యమూ నోటికి రాలేదు. “నాకు తెలవదు మావా. ఆయన ఉంటాడు, అంతే తెలుసు,” అన్నాడు. రాయపు ఆయన చెయ్యి పట్టుకుని, పోయేదాకా వదల్లేదు.

“అన్నీ తెలుసని చెప్పుంటే వదిలేసేవాడు ఫాదర్. ఇప్పుడు దీని మీద సంతకం పెడితే ఆయనకి అబద్ధం చెప్పినట్టయిద్ది,” అన్నాడు బాలశౌరి.

ఫాదర్ జోజిరాజు గారికి ముప్పై మూడేళ్ళు. పై అధికారులకి రిపోర్టు ఎలా పంపాలో సెమినరీలో నేర్పారు గానీ, ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలో నేర్పలేదు. ఉన్నదున్నట్టు రాసి పంపించారు. నాలుగు వందల పన్నెండుకి నాలుగు వందల పదకొండు.

బాలశౌరి భార్య లూర్దమ్మకి విషయం తెలిసి చీపురు కింద పడేసింది. “సర్వేశ్వరుడు అర్థం కాలేదంట! పెళ్ళై ముప్పై ఎనిమిదేళ్ళయింది, నేనర్థమయ్యానా నీకు? ఓటరు లిస్టులో మాత్రం భర్తనని రాయించుకోలా?”

“అది ఏరే లూర్దూ.”

“ఏం ఏరే? ఇది గుడివాళ్ళ ఇల్లు. పొమ్మంటే ఈ వయసులో యాడికి పోతాం?”

ఆమె కాసేపు అరిచి, ఆ తర్వాత కంచంలో అన్నం పెట్టి, పప్పు వేస్తూ, “అర్థం కాకపోతే కాలేదనే చెప్పు. నీకు అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదు,” అంది.

పదో రోజున విభాగం నుంచి నోటీసు వచ్చింది.

“రేగుచెట్లపాలెం ఉపదేశికి అవగాహన లేనట్లు వెల్లడైనది. అర్థము కాని వ్యక్తిచే అర్థము చేయించబడినవారి అర్థము చెల్లదు. కావున నాలుగు వందల పదకొండు మంది అవగాహన తక్షణమే రద్దు చేయడమైనది. స్టిక్కర్లు చిరగకుండా ఊడదీసి వాపసు చేయవలెను. విచారణ రహస్య రహితము అగువరకు ఇచ్చట భద్రమైన అభ్యంగనము నిలుపుదల చేయడమైనది. సదరు ఉపదేశి పదిహేను దినములలోగా అర్థము చేసుకొనవలెను. లేనిచో నివాసము ఖాళీ చేయవలెను.”

దీంతో ఊరు భగ్గుమంది. భద్రమైన అభ్యంగనం అంటే బిషప్పుగారు స్వయంగా వచ్చి పిల్లల నుదుట తైలం పూసి ఆశీర్వదించే సంస్కారం. ముప్పై రెండు మంది పిల్లలు తయారుగా ఉన్నారు. తెల్లబట్టలు కుట్టించారు. చుట్టాలకి కబుర్లు వెళ్ళాయి.

చిన్నపరెడ్డి గుడి ముందు అరిచాడు. “నాకు అర్థమైంది! నా అర్థాన్ని ఎనక్కి ఎట్టా తీసుకుంటారు? ఇదేమన్నా రేషన్ కార్డా?”

స్టిక్కర్లు చిరగకుండా రావడంలేదు. వేణ్ణీళ్ళు పోసి, చాకుతో గీకితే తలుపుల రంగు లేచిపోయింది. గీకినవాళ్ళంతా బాలశౌరిని తిట్టుకుంటూ గీకారు. దారిలో కనబడితే ‘స్తోత్రం ఉపదేశి గారూ’ అనేవాళ్ళు పక్కకి చూడసాగారు. ఆయన మాత్రం పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం పన్నెండింటికీ, సాయంత్రం ఆరింటికీ గంట కొట్టడం మానలేదు. గంట కొట్టాక కాస్త ఎక్కువసేపు మోకాళ్ళమీద ఉండేవాడు. అర్థం చేసుకోడానికి ప్రయత్నిస్తున్నాడనుకున్నాం.

పద్నాలుగో రోజు మంగళవారం. డైరెక్టరు ఫాదర్ మరియానందం గారే కారులో వచ్చారు. వెంట ఒక గుమాస్తా, ఒక కొత్త ఫారం. బాలశౌరి కేసు చూశాక విభాగంవారు మేలుకుని ఏడు-బి అనే ఫారం తెచ్చారు. దాని ప్రకారం, వివరించేవారు ముందుగా తమకు దేవుడు సంపూర్ణంగా అర్థమైనట్లు సంతకం పెట్టాలి. ఆ తర్వాతే ఇతరులకు వివరించాలి.

గుడి పక్క హాల్లో కుర్చీలు వేశాం. ఊరు ఊరంతా వచ్చింది.

“బాలశౌరి గారూ, మీ అవగాహనా లోపమును నేడు సవరించెదము. ముందుగా నిబంధన ప్రకారము నేను సంతకము చేయుచున్నాను,” అని డైరెక్టరు గారు జేబులోంచి బంగారు రంగు పెన్ను తీశారు. గుమాస్తా ఆ వాక్యం పైకి చదివాడు: “సర్వేశ్వరుడు నాకు సంపూర్ణముగా అర్థమైనాడని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.”

డైరెక్టరు గారు తడుముకోకుండా సంతకం చేశారు. తేదీ వేశారు. కింద స్టాంపు కూడా కొట్టారు.

మా ఊరికి కలెక్టరు వచ్చాడు, మంత్రి వచ్చాడు. దేవుడు సంపూర్ణంగా అర్థమైన మనిషి రావడం మాత్రం అదే మొదలు.

అందరికంటే ముందు చిన్నపరెడ్డి లేచాడు. చేతులు కట్టుకున్నాడు. “అయ్యా, తమరికి పూర్తిగా తెలుసంట గదా. కిందటేడు మా చేనికి వడగళ్ళు పడ్డయ్యి. గట్టు అవతల మా బామ్మర్ది చేలో ఒక్క రాయి పడలా. వాడు పాస్కుకి తప్ప పూజకే రాడు. దాని సంగతేందో చెబుతారా?”

డైరెక్టరు గారు చిరునవ్వు నవ్వారు. “ఆ అంశము ప్రస్తుత మాడ్యూల్ పరిధిలోకి రాదు.”

“మాడ్యూల్ని అడగటం లేదు సామీ. తమర్నే అడుగుతున్నా.”

ఆయన వెనక ఇంకొకరు నిలబడ్డారు. వాళ్ళ వెనక మరొకరు. ఎవరూ వెక్కిరింపుగా రాలేదు. అదే చిక్కు. ఆస్పత్రికి పెద్ద డాక్టరు వచ్చిన రోజున చీటీలు పట్టుకుని నిలబడ్డట్టు, బుద్ధిగా వరస కట్టారు. పెళ్ళై తొమ్మిదేళ్ళయినా పిల్లలు కలగని కోడల్ని ఒకావిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒకాయన తన మూగకొడుకుని ముందు నిలబెట్టి, “మా ఇంట్లో వీడొక్కడే అబద్ధమాడనోడు, వీడికే మాట ఎందుకు ఇయ్యలా?” అన్నాడు. కబురు పక్క ఊరికి పాకింది. రెండు ఆటోలు వచ్చి హాలు ముందు ఆగాయి. సుబ్బారావు గారు కూడా కొట్టు కట్టేసి వరసలో నిలబడ్డారు.

డైరెక్టరు గారు మొదట్లో ప్రతి ఒక్కరికీ కాస్త పెద్ద మాటల్లో చెప్పారు. తర్వాత చిన్న మాటల్లో చెప్పారు. ఆ తర్వాత “నోట్ చేసుకోవయ్యా” అని గుమాస్తాకి చెప్పసాగారు. మధ్యాహ్నం భోజనానికి లేవబోతే, పక్క ఊరివాళ్ళు దారిచ్చి, “తిని రండి సామీ, ఇక్కడే ఉంటాం,” అన్నారు. ఆయన మళ్ళీ కూర్చుండిపోయారు.

మూడు దాటాక ఆరోగ్యమ్మ వంతు వచ్చింది. మేకల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చినట్టుంది. చేతిలో కర్ర లేదు.

“సామీ, నా కొడుకు ఇన్నాసి. పదకొండేళ్ళప్పుడు కాలవలో పోయాడు. ఈతొచ్చు వాడికి. ఆ పొద్దున పూజకొచ్చే ఎల్లాడు. పందొమ్మిదేళ్ళయింది. ఎందుకు తీసుకెళ్ళాడయ్యా అని శౌరన్నని అడిగితే, తెలవదమ్మా అన్నాడు. తమరికి తెలిసిందంట గదా. చెప్పండి, ఎల్లిపోతా.”

ఆమె ఏడవలేదు. చిరునామా అడిగినట్టు అడిగింది.

డైరెక్టరు గారు అట్టల పుస్తకం వైపు చూశారు. పైన కరెంటు స్తంభం బొమ్మ ఉంది. దాన్ని నెమ్మదిగా బోర్లించారు. చాలాసేపు నేల చూశారు.

“నాకు తెలియదమ్మా,” అన్నారు.

“మరి సంతకం పెట్టారు గదా సామీ?”

ఆయన ముఖం ఎర్రబడింది. బాలశౌరి వైపు తిరిగారు. ఈసారి మాటలో గ్రాంథికం లేదు. “ఈమెకి మీరేం చెప్పారండీ?”

“తెలవదని చెప్పా ఫాదర్.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది, కూర్చున్నా. ఆ యేడాదంతా పొద్దుగూకే ముందు ఊరి జపమాల ఆమె అరుగుమీదే చెప్పుకున్నాం. మా ఆవిడ టీ పెట్టేది. మొదట్లో ఆరోగ్యమ్మ పలికేది కాదు. తర్వాత్తర్వాత పలికింది.”

డైరెక్టరు గారు పెన్ను తీసి తన సంతకాన్ని అడ్డంగా కొట్టేశారు. గుమాస్తా కంగారుపడ్డాడు. “ఫాదర్, స్టాంపు పడ్డాక కొట్టివేతకు నిబంధన లేదండీ!”

“లేకపోతే పోయింది,” అన్నారాయన.

వరసలో మిగిలినవాళ్ళు కాసేపు నిలబడి చూశారు. ఆయనకీ తెలియదని నిశ్చయమయ్యాక కోపగించుకోలేదు. కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఎవరో మజ్జిగ తెచ్చారు. ఆరోగ్యమ్మ ఆయన పక్కన కూర్చుని ఇన్నాసికి ఈత ఎవరు నేర్పారో చెప్పుకొచ్చింది. ఆయన విన్నారు. ఆరు గంటలకి బాలశౌరి గంట కొట్టడానికి వెళితే, అందరితోపాటు ఆయనా మోకాళ్ళూనారు. కారు బయల్దేరేముందు ఆరోగ్యమ్మ, “పెద్ద చదువు చదివారుగానీ మంచోరే,” అంది.

నోటీసు రద్దయింది. బాలశౌరి ఇల్లు ఆయనకే ఉంది. పాస్కు అయిన రెండో వారం బిషప్పుగారు వచ్చి ముప్పై రెండు మంది పిల్లలకీ తైలం పూశారు. స్టిక్కర్ల మాట ఎవరూ ఎత్తలేదు. తలుపులకి మాత్రం రంగులు మళ్ళీ వేయించుకోవాల్సి వచ్చింది.

కానీ విభాగమంటూ ఒకటి పెట్టాక అది ఊరికే కూర్చోలేదు కదా. ఫాదర్ మరియానందం గారు తనంతట తానే వేరే విచారణకి వెళ్ళిపోయారని, కోరి చిన్న ఊరే అడిగారని విన్నాం. ఆయన స్థానంలో వచ్చిన కొత్త డైరెక్టరు గారు జూన్‌లో ఇంకో సర్క్యులర్ పంపారు.

“గత కార్యక్రమములో జరిగిన లోపములను సమీక్షించిన మీదట, దేవుడు ఎవరికిని అర్థము కాడని నిర్ధారించడమైనది. కావున ప్రతి విశ్వాసి ‘నాకు ఏమియు అర్థము కాలేదు’ అని సంతకము చేయవలెను. నూరు శాతము సాధించిన విచారణలకు నీలిరంగు స్టిక్కర్లు అందజేయబడును. ఈ పర్యాయము విచారణ గురువులు కూడ సంతకము చేయవలెను.”

ఊరు నాలుగు రోజుల్లో సంతకాలు పెట్టేసింది. చిన్నపరెడ్డి తనకి అందరికంటే ముందే అర్థం కాలేదని గట్టిగా చెప్పి మొదటి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను.

ఫాదర్ జోజిరాజు గారు బాలశౌరిని బంగళాకి పిలిచారు. బాలశౌరి కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు.

“ఇప్పుడేంటి శౌరి గారూ? మీరన్నదేగా ఇది?”

“‘ఏమియు’ అని ఉంది ఫాదర్.”

“ఉంటే?”

“ఏమీ అర్థం కాలేదంటే ఎట్టా? కొంచెం అయింది.”

“ఎంత?”

బాలశౌరి ఆలోచించాడు. చెయ్యి ఎత్తి ఏదో చూపించబోయి, దించేశాడు. “చెప్పలేను గానీ, అయింది. లేకపోతే ముప్పై నాలుగేళ్ళు గంట ఎందుకు కొడతాను?”

ఫాదర్‌కి నవ్వు వచ్చింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. ఊరివాళ్ళ కట్టలు కవర్లో పెట్టారు. బాలశౌరి కాగితం ఖాళీగానే పెట్టారు. దాని కింద తన కాగితం కూడా సంతకం లేకుండానే పెట్టి, జిగురు రాసి అంటించేశారు.